అన్నయ్యకు చెప్పకుండా ఎక్కిన కొండ

మొన్న ఆదివారం పేపరులో, వేసవి దాటేలోగా ఒంటరిగా ఎక్కి రాదగ్గ కొండలంటూ ఒక పేజీ నిండా ఫొటోలు వేశారు. తేలిక, మధ్యస్థం, కఠినం అని కొండలకు కూడా తరగతులు కట్టి, ఏ బూట్లు వేసుకోవాలో, ఎన్ని నీళ్ళు పట్టుకెళ్ళాలో రాశారు. మధ్యస్థం కింద ఉన్న రెండో కొండను చూశాక, కాఫీ చల్లారిపోయినా ఆ పేజీ తిప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళ కిందట నేను ఎక్కిన కొండ అది. గొప్పగా చెప్పుకోవలసిన ఆ సంగతిని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

కొల్లేటి పక్కన పుట్టినవాళ్ళకు కొండ ఎంత దూరపు వస్తువో ఆ వైపువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కలిదిండి దగ్గర మా ఊళ్ళో చేపల చెరువు గట్టుకు మించిన ఎత్తు లేదు. చిన్నప్పుడు అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ గట్టు మీద నడుస్తూ, పెద్దయ్యాక నిజం కొండ ఎక్కిస్తానని అనేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. తను చెరువుల మీద పనిచేస్తూ నన్ను టీచర్ ట్రైనింగు దాకా చదివించాడు. తాడేపల్లిగూడెంలో ఒక మిషను బడిలో నాకు ఉద్యోగం వచ్చాక, నేను అద్దెకున్న గదికి నెలకోసారైనా వచ్చి, వంగి గుమ్మం దాటుతూ, టీచరుగారండీ అని వేళాకోళంగా పిలిచేవాడు.

ఆ ఏడు రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టి, బడులు తెరవడానికి ఇంకో వారం ఉందనగా, వచ్చే శనివారం ఒక కొండ ఎక్కి రావాలని ఇద్దరం ముందుగానే అనుకున్నాం. ఏ కొండ అన్నదానికే నెల పట్టింది. మెట్లున్న కొండ మాకు ఆనలేదు. అడవి లోపలి కొండకు తోడు మనిషి లేనిదే వెళ్ళకూడదన్నారు. చేపల లోడుతో మెట్టవైపు వెళ్ళే లారీ డ్రైవర్లందరినీ అడిగి అడిగి, జంగారెడ్డిగూడెం దాటాక ఉన్న ఒక కొండను అన్నయ్యే ఖాయం చేశాడు. సగం దాకా మేకల దారి, ఆ పైన చేతులతో పట్టుకుని ఎక్కవలసిన బండలు. మరీ తేలికా కాదు, ప్రాణాంతకమూ కాదు. ఎక్కడ బస్సు దిగాలో, ఏ పక్కనుంచి ఎక్కాలో ఒక కాగితం మీద గీసి నాకే ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. బడిలో అడ్మిషన్ల పని పడింది, ఈసారికి కుదరదని ముందురోజు ఫోను చేసి చెప్పాను. అన్నయ్యకు అప్పటికే ఆయాసం మొదలైంది కాబట్టి అతని మంచికోసమే అనుకున్నాను గాని, అది పూర్తి నిజం కాదు. బస్సులో అందరినీ పలకరించి, మా చెల్లెలండీ, టీచరండీ అని చెప్పే ఆ మనిషి పక్కన కూర్చోవడం నాకు సిగ్గుగా ఉండేది. ఒక్క రోజైనా ఎవరి చెల్లెలినీ కాకుండా ఉండాలనిపించింది.

కొండ అన్నయ్య గీసినట్టే ఉంది. బండల దగ్గర ఒకచోట కాలు జారి, మోచెయ్యి గీరుకుపోయి, పైకీ కిందకీ పోలేక రాయిని కరుచుకుని ఉండిపోయినప్పుడు, నా నోటివెంట అన్నయ్యా అన్న కేక వచ్చింది. ఆ మాట చెవినపడ్డాక ఏడుపొచ్చింది. ఎలాగో పైకి చేరాను గాని అక్కడ పావుగంట కూడా కూర్చోలేకపోయాను.

సాయంత్రం గదికి వస్తే ఇంటావిడ ఎదురొచ్చి, "మీ అన్నయ్యగారు వచ్చారండీ. మీకు భోజనం ఇద్దామని బడికెళితే గేటుకి తాళం వేసుందట. క్యారేజీ ఇక్కడ పెట్టి వెళ్ళారు" అంది. కొర్రమీను పులుసు. నాకిష్టమని తెల్లవారకముందే లేచి వదిన చేత చేయించాడని తరవాత తెలిసింది. ఆవిడ వెచ్చబెట్టి ఇస్తే, ఒక్క ముద్దా వదలకుండా తిన్నాను.

మరుసటి వారం ఊరికి వెళ్ళి, పని తొందరగా అయిపోతే ఏలూరు వెళ్ళానని ఇంకో అబద్ధం చెప్పాను. అన్నయ్య అలాగా అన్నాడు. అంతే. ఆ తరవాత ఎన్ని వేసవులు వచ్చినా అతని నోట కొండ మాట రాలేదు.

రెండేళ్ళ కిందట, ఊపిరాడక ఆసుపత్రిలో నాలుగు రోజులుండి ఇంటికి వచ్చిన అన్నయ్య పక్కన కూర్చుని, ఇక దాచలేక మొత్తం చెప్పేశాను.

"తెలుసులేమ్మా. ఆ మరుసటి వారం నువ్వు ఇక్కడికొచ్చి గుమ్మంలో విడిచిన బూట్లకి ఎర్రమట్టి ఉంది. మన ఏలూర్లో ఎర్రమట్టి ఎక్కడిది?" అన్నాడు.

"మరి అడగలేదేం అన్నయ్యా?"

"నువ్వే చెబుతావని చూశాను." కాసేపు ఊపిరి తీసుకుని, "ఇంతకీ పైన ఎలా ఉందే?" అని అడిగాడు.

గాలి ఎలా కొట్టిందో, కింద పొలాలు ఎంత చిన్నగా కనిపించాయో, నాకు గుర్తున్నదీ లేనిదీ కలిపి చెబుతూ ఉంటే కళ్ళు మూసుకుని విన్నాడు.

మన రోజుల్లో ఆడపిల్ల ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళాలంటే అబద్ధం తప్ప దారి లేదని నన్ను నేను చాలాకాలం సమర్థించుకున్నాను. ఇప్పటి అమ్మాయిలు ఒక్కదాన్నే వెళుతున్నానని ఇంట్లో చెప్పి, సంచీ తగిలించుకుని బయలుదేరుతుంటే ముచ్చటేస్తుంది, కాలం ఎంత మారింది అనుకుంటాను. కాని నేను అడిగి ఉంటే అన్నయ్య వద్దనేవాడు కాదు. బస్సు కిటికీ పక్కన నిలబడి నాలుగు జాగ్రత్తలు చెప్పి, బస్సు కదిలేదాకా అక్కడే ఉండేవాడు. కాలం మారితేగాని అడగలేని మాట కాదది.