మట్టి మెత్తిన తేనెపెట్టెలు

తేనెటీగల గురించి ఊరూరా తిరిగి చెప్పడం నా పని. ఇల్లు వికారాబాద్‌లో. తాండూరు దాకా ఏ బడి పిలిచినా, ఎక్కడ నలుగురు రైతులు కూడినా, అద్దాల పెట్టెలో పిడికెడు ఈగల్ని పెట్టుకుని స్కూటీ మీద బయల్దేరతాను. నోరు ఆగదు నాకు. "ఈగల కన్నా నీ రొదే ఎక్కువ" అంటాడు మా ఆయన. అననీ. పూత మీద ఈగ వాలితేనే నాలుగు కాయలు ఎక్కువ పడతాయని ఎవరో ఒకరు గొంతు చించుకోవాలి కదా!

ఆ ఏడు నా పన్నెండు తేనెపెట్టెలూ కోట్‌పల్లి దగ్గర ఒక రైతు కందిచేను గట్టున ఉన్నాయి. ఒక్క పెట్టెతో మొదలుపెట్టి, ఏటేటా విడదీసి పెంచుకున్న ఈగలు. అవి పోతే నాకు మళ్లీ విత్తనం లేదు. ఆ రైతు నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. చెప్పింది శ్రద్ధగా వినే మనిషి.

అతని ఫోన్ వచ్చినప్పుడు నేను తాండూరులో ఒక బడిలో పిల్లలకు రాణి ఈగను చూపిస్తున్నాను. ఎండ ముదురుతోంది.

"అక్కా, చేన్ల పురుగు మస్తు పడ్డది. మందు కొడుతున్నం. నీ ఈగల ఫికర్ చెయ్యకు, పొద్దుగాలనే అన్ని పెట్టెలు మూసిన."

"పొద్దూకినంక కొట్టుమన్న గద తమ్మీ!"

"గప్పుడు కూలోళ్లు యాడ దొరుకుతరక్కా?"

"ఏం పెట్టి మూసినవ్?"

"మట్టి. నువ్వు జూపెట్టినట్లనే. ఒక్క సందు లేకుండ మెత్తిన. మందు పడొద్దని మీదికెల్లి ప్లాస్టిక్ కవర్ గూడ కప్పిన."

పెట్టె తలుపుకు ఇనుప జాలీ పెట్టాలి, గాలి ఆడాలి. లోపల వేల ప్రాణాలు. ఆ తలుపు దగ్గరే రెక్కలు విసిరి ఇల్లు చల్లబరుచుకుంటాయి. ఆ సంగతి వాళ్ల ఊరి సమావేశంలో నేనే చెప్పాను. కానీ ఆ రోజు జాలీ ఇంట్లో మరిచిపోయి వెళ్లాను. "జాలీ పెట్టాలె" అని నోటితో అంటూ, చేతికందిన తడిమట్టి ముద్ద తలుపుకు అద్ది చూపించాను. జనం నా నోటిని వినలేదు, నా చేతిని చూశారు.

వెంటనే తెరవమందామనుకుని ఆగాను. చేను నిండా మందు. తెరిస్తే బయటికొచ్చి చస్తాయి, తెరవకపోతే లోపల ఉడికి చస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తమ్మీ, కవర్ గుంజెయ్. మట్టి తీసి తడి గోనెసంచి కప్పు. ఇప్పుడే!"

"సరెనక్క, గీ ట్యాంకు అయినంక" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. స్కూటీ ఎక్కి కోట్‌పల్లి దారి పట్టాను.

దారి పొడుగునా రెండు పక్కలా కంది పచ్చగా పూసి ఉంది. చేను చేనులోనూ వీపున ట్యాంకులు, మూతికి తువ్వాళ్లు కట్టుకున్న మనుషులు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. మందు వాసన గొంతులో దిగబడుతోంది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, మధ్యమధ్య ఎండను బూతులు తిట్టాను.

గట్టెక్కగానే తెలిసింది. చప్పుడు లేదు. ప్లాస్టిక్ కవర్ అలాగే మెరుస్తోంది. మొదటి పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఎండిన మట్టిని గీకితే ముందు తేనె కారింది, వెచ్చగా, నీళ్లలా. దాని వెంట ఈగలు. పదకొండు పెట్టెలూ అంతే. వేపచెట్టు నీడ పడ్డ చివరి పెట్టెలో గుప్పెడు ఈగలు పాకుతున్నాయి. ఎంత వెతికినా రాణి కనబడలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

అతను ట్యాంకు దించి పరుగున వచ్చాడు.

"గాలికి మందు తగిలిందా అక్కా?"

అవునంటే సరిపోయేది. తిడదామని నోరు తెరిచాను కూడా. ఎవర్ని తిట్టాలి?

"మందు గాదు తమ్మీ. నేను జూపెట్టిందే తప్పు. మట్టి పెట్టొద్దు."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"అయ్యో! మరి గా వీడియో ఎట్లక్కా?"

"ఏం వీడియో?"

"నువ్వు మట్టి పెట్టి జూపెట్టింది నేనే తీసిన. పూడూరు, బొంరాస్‌పేట వాట్సాప్ గ్రూపులల్ల గూడ ఏసిన. పురుగు అందరికి పడ్డది గద. ఇయ్యాల అందరు కొడుతుండ్రు."

అతను చెప్పిన నంబర్లన్నిటికీ ఆ గట్టు మీద నిలబడే చేశాను. మందు కొట్టేవాడు ఫోన్ ఎక్కడ ఎత్తుతాడు? ఎత్తిన ఇద్దరి దగ్గరా పెట్టెలే లేవు.

ఆ వారమే జాలీ పెట్టి కొత్త వీడియో చేశాను, తప్పు నాదేనని అందులో మొత్తుకున్నాను. అది ఎవరూ ఎవరికీ పంపడం లేదు. మొన్న సరిహద్దు అవతలి నుంచి ఒకాయన, కన్నడ యాస కలిసిన తెలుగులో, నా నంబర్ కనుక్కుని మరీ ఫోన్ చేశాడు.

"మస్తు జెప్పినవక్కా," అన్నాడు. "మా పెట్టెలు గూడ పొద్దుగాలనే మట్టితోని మూసినం."