మా మచ్చోడి వెనక నడక

ఆ రోజు తప్పంతా నాదే. ఎద్దుది కాదు, మా బాపుది కాదు, నాకు మంచిమాట చెప్పిన పంతులుదీ కాదు. నిజాం ఏలుబడి రోజుల్లో బడిలో ఉర్దూ చదివి, కేతేపల్లి గ్రంథాలయంలో తెలుగు కూడబలుక్కున్న మాలాంటి కుర్రాళ్లకు అక్షరమంటే మహా గురి. రాసినదాంట్లో తప్పుండదని నమ్మేవాళ్లం (అది మనమే రాసిందైనా సరే). ఏ పని సాధించాలన్నా మెట్లుమెట్లుగా రాసుకోవాలని, ఒక మెట్టు గట్టిపడందే రెండోదాని మీద కాలు పెట్టొద్దని గ్రంథాలయం పంతులు ఒకసారి చెప్పారు. ఆ మాటను నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను.

మాది గొర్లు కాసే ఇల్లు. ఉన్న కొద్దిపాటి చెలకలో ఒక మోటబావి, దాని కింద మేం అవ్వ అని పిలిచే అమ్మ ప్రాణంగా చూసుకునే మిరపతోట. మోట ఎద్దులు బావికి వీపు పెట్టి ఏటవాలు బాటలో కిందికి నడిస్తే తోలుబొక్కెన పైకొస్తుంది. మళ్లీ అవి వెనక్కి నడిచి బావి దాకా వస్తే బొక్కెన నీళ్లలోకి దిగుతుంది. జతలో ఒక ఎద్దు ఆ ఏడు చచ్చిపోయింది. మిగిలిన ముసలి ఎద్దుకు తోడుగా, నేను దూడప్పటి నుంచి పెంచిన మచ్చోడు కాడి కిందికి రావాలి. “మిరపనారు నాటేటాల్లకు వాడు మోటకు రాకుంటే తిరుమలగిరి అంగట్ల అమ్ముడే,” అన్నాడు బాపు. “అమ్మొద్దు బాపు, నేను నేర్పుత,” అన్నాను.

ఆ పొద్దే కొట్టం గోడ మీద బొగ్గుతో రాశాను. మొదట వెనక్కి నడవడం, తర్వాత ముందుకు లాగడం, తర్వాత కాడి, ఆ తర్వాత మోట. కష్టమైనది ముందు వస్తే తేలికైనది దానంతటదే వస్తుందని నా తెలివి. అవ్వ పేడగంప దించి గోడ వంక చూసింది.

“ఏందిరా పిల్లగా, గోడంత మసి చేసినవ్?”

“మచ్చోడు ఎట్ల నేర్వాల్నో రాసిన అవ్వా.”

“వాడు సదువుకుంటడా మరి?”

నేను పట్టించుకోలేదు. నా కంచంలోని జొన్నరొట్టె దాచుకెళ్లి, వాడు వెనక్కి అడుగేసినప్పుడల్లా ఒక తునక పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు రొట్టె కంటపడితే చాలు, వాడు గబగబా వెనక్కి నడిచి నోరు తెరిచేవాడు. బాపు చూసి, “బాగనే ఉంది గని, జర ముందుకు గూడ నడిపియ్యిరా. రెండు కలిపే నేర్పాలె,” అన్నాడు. “మొదటి మెట్టు ఇంక గట్టిపడలే బాపు. రాసుకున్న,” అన్నాను. “రాసుకున్నంక ఇగ నేనెందుకు!” అని ఆయన గొర్ల మందకు వెళ్లిపోయాడు.

నాటు పెట్టే రోజు రానే వచ్చింది. నేనింకా మొదటి మెట్టు మీదే ఉన్నాను. “అంతా నేర్సిండారా?” అని బాపు అడిగితే, మచ్చోణ్ణి అంగడికి తోలుతారన్న భయంతో, “నేర్సిండు,” అన్నాను.

కాడి కట్టాం. బొక్కెన నిండింది. ధైర్యం చెబుదామని వాడి ముందుకెళ్లి రొట్టె చూపించాను. మచ్చోడు నేర్చుకున్న పాఠం మరిచిపోలేదు. వెనక్కి ఒక అడుగేశాడు. వెనక బావి! ముసలి ఎద్దు నాలుగు కాళ్లూ నిగడదన్ని నిలబడింది. “పలుపు ఇప్పురా!” అని అరుస్తూ బాపు మచ్చోడి మెడ నుంచి కాడి తప్పించాడు. నారు దగ్గరున్న అవ్వ కంగారుగా పరుగెత్తుకొచ్చి నా చేతిలోని రొట్టె లాక్కుని, “దా బిడ్డా, ఇటు దా,” అని బతిమాలింది. ఆమె ఎంత బతిమాలితే వాడు అంత వెనక్కి. కాలిగిట్ట బావి రాయికి తగిలి చప్పుడైంది.

“అవ్వా, రొట్టె దాయి!”

ఆమె కొంగులో దాచింది. వాడు ఆగాడు. బాపు ముకుతాడు పట్టి మెల్లగా వాడి తల బావి వైపు తిప్పి, చెమట తుడుచుకుంటూ, “ఇగ సూపు నీ రొట్టె,” అన్నాడు. బావి అంచున నిలబడి చూపించాను. మచ్చోడు మహా ఠీవిగా వెనక్కి నడుస్తూ బాటంతా దిగిపోయాడు. పక్క చెలక మామ పార ఆపి, “ఏంది బావా, మీ ఎద్దు ఇంట్ల ఏమన్న మరిచొచ్చిందా?” అన్నాడు. అవ్వ నవ్వింది. బాపు నవ్వలేదు.

“నేర్సిండంటివి గదరా,” అన్నాడు అంతే. తిట్టినా బాగుండేది.

“అబద్ధమాడిన బాపు. వాణ్ణి అమ్మకు. వాడు నేర్చేదాంక నేనే నీళ్లు పోస్త.”

పోశాను. భుజాలు పొక్కిపోయేలా కుండలతో తోడి, మిరపనారు మొదళ్లన్నీ తడిపాను. పొద్దుగూకాక గోడ మీది రాతను తడిగుడ్డతో తుడిచి, మళ్లీ బొగ్గు పట్టుకుని, “నువ్వు చెప్పు బాపు, నేను రాస్త,” అన్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “ముందుగల్ల రొట్టె బంద్ అని రాయి,” అన్నాడు.

మిరప పూతకొచ్చేసరికి మచ్చోడు ముసలి ఎద్దు పక్కన మోట లాగాడు. అంగడి మాట మళ్లీ రాలేదు. ఈ వయసులోనూ ఏ పనికైనా మెట్లు రాసుకుంటూనే ఉన్నాను. కాకపోతే రాశాక ఇంకొకరికి చదివి వినిపిస్తాను. ఆ మోట రోజుల్లో మాత్రం మచ్చోడు బావి దాకా వెనక్కి వచ్చినప్పుడల్లా మెడ తిప్పి నా చేతుల వైపు చూసేవాడు. వట్టి చేతులు చూపలేక నేను తల దించుకునేవాణ్ణి. అందుకే మోట ఆగి, కాడి విప్పి, వాడు కొట్టంలో కదలకుండా నిలబడ్డాక, నా రొట్టెలో సగం తెచ్చి పెట్టేవాణ్ణి. ముందుకు నడిచినందుకూ కాదు, వెనక్కి నడిచినందుకూ కాదు.