వాగులో పూడ్పించిన పునాది

1991 ఏప్రిల్‌లో నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి సెక్షన్‌కు వర్క్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఏ శాఖో రాయను. ఊర్లలో చిన్న చిన్న కట్టడాలు కట్టించే ఇంజినీర్ల శాఖ అనుకుంటే చాలు. నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ని. మస్టర్ పట్టీ మీద రోజుకూలీగా చేరి, టేపు కొస పట్టుకుని పట్టుకుని ఇన్‌స్పెక్టరునయ్యాను. మా వరుస తెలియనివాళ్లకు చెప్తాను: పైన ఈఈ, ఆయన కింద డీఈ, ఆయన కింద ఏఈ, ఏఈ కింద నేను. నా కింద టేపు. సంతకం విలువ పైనుంచి కిందికి తగ్గుతూ వస్తుంది. ఎండ మాత్రం కిందినుంచి పైకి తగ్గుతూ పోతుంది.

ఆ ఏడాది మాకు కొత్త గ్రాంటు ఒకటి వచ్చింది. ఊరివాళ్లే కమిటీ వేసుకుని, తమకేం కావాలో తామే తీర్మానం చేసి అడగాలి. ఖర్చులో మూడు పాళ్లు గ్రాంటు, ఒక పాలు ఊరి వాటా. ఆ వాటాను చెమటగా ఇచ్చినా సరే: తవ్వకం, రాయి, ఇసుక. కంట్రాక్టరు ఉండడు, ఒప్పందం కమిటీ పెద్ద పేరు మీదే రాస్తారు. కంట్రాక్టరు లేని పని చూశాక చచ్చిపోయినా ఫర్వాలేదని ఆఫీసులో అందరికీ చెప్పుకు తిరిగాను.

మొదట అర్జీ పెట్టింది నాగిరెడ్డిపేట దాటాక వాగు అవతల ఉన్న ఒక పల్లె. డెబ్భై ఇండ్లు. మగవాళ్లలో సగం మంది చెరువు కింద కూలి, సగం మంది బొంబాయి, దుబాయి. ఇల్లు నడిపేది ఆడవాళ్లు చుట్టే బీడీలు. చుట్టినవి గంపలో పెట్టుకుని వాగు దాటి, ఇవతలి ఊర్లోని బీడీ కార్ఖానాకు తెచ్చి ఇవ్వాలి. కార్ఖానా అంటే యంత్రాలేమీ ఉండవు. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే ఒక గది, లెక్క రాసే ఒక ముంశీ. అది పొద్దుగూకేసరికి మూస్తారు. వానకాలంలో వాగు నడుము దాకా వస్తుంది. గంప తడిస్తే ముంశీ బీడీలు పక్కన పారేస్తాడు. వరసగా నాలుగు రోజులు రాకపోతే పని కార్డు ఇంకొకరికి రాస్తాడు. కార్డు పోతే పని పోయినట్టే.

అందుకే వాళ్లు గుడి అడగలేదు, సంఘం భవనం అడగలేదు. వాగు మీద కాజ్‌వే అడిగారు. వాగు అడుగున రాతి పునాది వేసి, దాని మీద తూములు పెట్టి, పైన నడవడానికి కట్ట పోస్తారు. మామూలు నీళ్లు తూముల్లోంచి పోతాయి, పెద్ద వరద వస్తే ఒక పూట పైనుంచి పోతాయి.

కమిటీ పెద్ద బాలవ్వ. యాభై దాటిన మనిషి. మాట్లాడుతున్నా వేళ్లు ఆగవు, ఒళ్లోని చాటలో బీడీ పడుతూనే ఉంటుంది. ఏప్రిల్ రెండో వారంలో పెట్టిన సభలో మా ఏఈ గారు, పాతికేళ్ల కుర్రాడు, పద్ధతులన్నీ ఓపిగ్గా చెప్పారు.

"మా వంతు పని ఏంది సారూ?" అని బాలవ్వ అడిగింది.

పునాది తవ్వడం, రాయి చేర్చడం అన్నారు ఏఈ గారు. ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ఉత్తర్వు వచ్చాక అన్నారు.

"గదెప్పుడొస్తది?"

ఏఈ గారు ఫైలులోకి చూశారు. ఎక్కడ నిశ్శబ్దం పడినా నాకు నాలుక దురద పెడుతుంది. "అవ్వా, ఆర్డరు కోసం కూసుంటే నీ మనుమరాలు గూడ ముసల్దైతది. మీరు తవ్వుకుంట ఉండుండ్రి, ఆర్డరు మీ ఎనుక ఉరుక్కుంట వస్తది" అన్నాను.

సభంతా నవ్వింది. ఏఈ గారూ నవ్వారు. బాలవ్వ నవ్వలేదు, సరేనన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం నేను చూశాను. చూసి, ఇంకో జోకు వేశాను.

ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. అర్జీ మీద అంచనా వేస్తారు. దానికి రెండు మంజూర్లు రావాలి, ఒకటి పాలన వైపు నుంచి, ఒకటి ఇంజినీర్ల వైపు నుంచి. తర్వాత నేల మట్టాలు తీయాలి. తవ్వకముందు నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో యంత్రం పెట్టి చూసి, ఎం-బుక్కులో రాయాలి. ఎం-బుక్కు అంటే కొలతల పుస్తకం, మా శాఖకు దేవుడు అందులోనే ఉంటాడు. మొదటి మట్టం అందులో లేకపోతే మీరు పాతాళం దాకా తవ్వినా తవ్వనట్టే. మట్టాలయ్యాక ఒప్పందం. ఒప్పందమయ్యాకే గడ్డపార.

ఫైలు కామారెడ్డిలో ఆరు వారాలు కూర్చుంది. నేను నాలుగుసార్లు బస్సెక్కి వెళ్లాను. ఒకసారి సంతకం పెట్టేవారు సెలవులో ఉన్నారు, ఒకసారి సంతకం పెట్టారు కానీ వేరే పేజీలో పెట్టారు. మే చివరి వారంలో ఉత్తర్వు చేతికొచ్చింది. మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, పడడానికి ఇంకా పది పన్నెండు రోజులుంది. ఏఈ గారి స్కూటరు వెనక కూర్చుని ఈల వేసుకుంటూ వెళ్లాను.

వాగులో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా రాయి పరిచి ఉంది. ముప్పై మంది ఆడవాళ్లు నెల పైగా తవ్వారు. పొద్దున తవ్వకం, ఎండెక్కాక బీడీలు. గట్టి నేల తగిలేదాకా దిగి, గుట్ట నుంచి రాయి మోసి, పునాది నింపేశారు. పక్కనే ఇస్మాయిల్ మేస్త్రి నిలబడి ఉన్నాడు. నాగిరెడ్డిపేటలో గోడ కట్టాలంటే ముందు ఆయన్నే పిలుస్తారు.

"తవ్వి ఇడిచిపెడితే ఇసుక పూడుతది భాయ్. గందుకే రాయి నింపి బిగించిన. మీద లారీ తోలు, కదిలితే నా పేరు మార్చు" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఏ ఇంజినీరూ తప్పు పట్టలేని పని.

బాలవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చింది. "సారూ, మీ ఆర్డరు కన్న మేమే ముందుగాల వచ్చినం. ఏమిస్తరు ఇనాం?" అంది.

ఏఈ గారు ఆ రాళ్ల మీదే కూర్చుండిపోయారు. ఉత్తర్వు తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించారు. ఒప్పందం తేదీకి ముందే మొదలైన పనికి ఈ గ్రాంటు వర్తించదు. పైగా తవ్విన గొయ్యి రాతి కింద దాగిపోయింది. మొదటి మట్టాలు లేవు, లోతు చూసినవాడు లేడు. ఊహించి రాద్దామంటే డీఈ గారు స్వయంగా వచ్చి చూసే పని. ఉన్నదున్నట్టు రాసి ఫైలు వెనక్కి పంపాలి, మళ్లీ వచ్చే ఏడు చూసుకోవాలి అన్నారు ఏఈ గారు.

నా నోటిమాట చేసిన పని ఇదని నాకు అర్థమైంది. అర్థమైనవాడు నోరు మూసుకోవాలి. నేను ఇంకో తెలివి ఉపయోగించాను. "సార్, పైవాళ్లకు కావలసింది ఖాళీ నేలే కదా? రాయి తీయిద్దాం, మట్టి నింపి సాపు చేయిద్దాం. డీఈ గారు మట్టాలు చూసుకుంటారు. ఒప్పందం కాగానే మళ్లీ తవ్వితే నాలుగు రోజుల పని" అన్నాను.

ఏఈ గారు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత తాను ఈ మాట వినలేదని చెప్పి, అవతలి గట్టు చూసి రావడానికి వెళ్లారు. మా శాఖలో దాన్ని అనుమతి అంటారు.

బాలవ్వకు చెప్పాల్సింది నేనే.

"తవ్విన దాన్ని పూడ్చాలె. పూడ్చినంక మల్ల తవ్వాలె. గంతేనా?"

"గంతే అవ్వా."

"పిచ్చి సర్కారుకు లేసిందా, నీకు లేసిందా?"

"ముందు సర్కారుకే లేసింది, నాకు దాని అంటు తగిలింది."

"జోకులు బంద్ జెయ్యి బిడ్డా. గిట్ల జేస్తే కట్ట వస్తదా, రాదా? ఒక్క మాట చెప్పు."

"వస్తది" అన్నాను. ఆమె ఆడవాళ్లను పిలవడానికి వెళ్లింది.

మేస్త్రి నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "వాగు అడుగు ఏండ్ల సంది బిగిసి ఉంటది భాయ్. రాయి తీసి, వట్టి మట్టి పోసి పెడితే మొదటి నీళ్లకే లేపుకుపోతది. వాగు మన సార్ల లెక్క కాదు, కాయిదం చూసి ఆగదు" అన్నాడు. నీళ్లు వచ్చేలోపే మళ్లీ రాయి పడుతుంది, భయం లేదు అన్నాను. మేస్త్రి బీడీ ముట్టించుకుని రాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

రాయి తీసి మట్టి నింపడానికి నాలుగు రోజులు పట్టింది. పేర్చినప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తీసేటప్పుడు మాత్రం మాటలు లేవు. ఒకావిడ మాత్రం, "బిడ్డ పుట్టినంక పెండ్లిచూపులా అక్కా?" అని పక్కావిణ్ని అడిగింది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వబోయి ఆగాను.

అయిదో రోజు, శుక్రవారం, డీఈ గారు జీపులో వచ్చారు. యంత్రం పెట్టారు. అంకెల కర్ర పట్టుకుని నేను అడుగడుగునా నిలబడ్డాను. చదునైన, శుభ్రమైన నేల. మట్టాలు రాసి, స్థలంలో పని ఇంకా మొదలు కాలేదని ఎం-బుక్కులో రాసి సంతకం పెట్టారు. ఒప్పందం మీద వేలిముద్ర వేయడానికి బాలవ్వను సోమవారం కామారెడ్డికి తీసుకురమ్మన్నారు. ఈ రోజే వేయించకూడదా సార్ అని ఏఈ గారు అడిగారు. స్టాంపు కాగితం ఆఫీసులో ఉంది అన్నారాయన.

శనివారం మధ్యాహ్నం పైన ఎక్కడో వాన పడింది. ఆదివారం పొద్దున వాగు వచ్చింది. మూడు రోజులు ఎర్రగా పారింది.

నీళ్లు తగ్గాక మేము నింపిన చోట మట్టి లేదు. దాని కింది నేల కూడా లేదు. గట్టు నుంచి గట్టు దాకా మనిషి నిలువు మించిన మడుగు పడింది. అంతకుముందు ఎంత వానకాలమైనా నడుము లోతులో దాటిన రేవు అదొక్కటే. అది పోయింది.

సోమవారం వాగు పారుతుండగా బాలవ్వ కామారెడ్డి వచ్చే ప్రశ్నే లేకపోయింది, నేలే పోయాక ఎం-బుక్కులోని ఆ మట్టాలకూ విలువ లేకపోయింది. ఏఈ గారు ఫైలు వదల్లేదు. కొత్త మట్టాలు తీసి, కొత్త అంచనా వేశారు. ఆ గోతిని నింపి పునాది వేయాలంటే అయ్యే ఖర్చు చిన్న పనుల హద్దు దాటింది. హద్దు దాటినది ఈ గ్రాంటులోకి రాదు, ఇంకో పథకంలో పెట్టుకోవచ్చని కామారెడ్డి నుంచి జవాబు వచ్చింది. ఆ ఇంకో పథకమేదో ఎవరూ చెప్పలేదు. దసరా ముందు ఏఈ గారిని మద్నూర్ వేశారు. ఫైలు కట్టి బీరువాలో పెట్టింది నేనే.

ఊరి ఆడవాళ్లు చెరువు కట్ట మీదుగా నాలుగు మైళ్లు చుట్టు తిరిగి కార్ఖానాకు రావడం మొదలుపెట్టారు. వచ్చేసరికి గది మూసి ఉండేది. దీపావళి నాటికి ముంశీ ఆ ఊరి కార్డులన్నీ ఇవతలి ఊరి వాళ్లకు రాసేశాడు.

చలికాలంలో ఒకరోజు ఎల్లారెడ్డి బస్టాండులో బాలవ్వ కనబడింది. కోడలు, ఇద్దరు మనుమరాండ్లు, ఒక మూట. కామారెడ్డిలో రైలెక్కి భివండి పోతున్నామని, అక్కడ మగ్గాల దగ్గర కోడలికి పని ఉందని చెప్పింది. ఒక్క మాట తిట్టలేదు.

"ఏం సారూ, గింత సప్పుడు లేకుంట నిలబడ్డవ్. మాటలైపోయినయా?" అంది.

ఉండు అవ్వా అనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. మూట అందుకుని బస్సు పైకి ఎక్కించాను. ఆ పనికి ఏ మంజూరూ అక్కర్లేదు కాబట్టి చేయగలిగాను.

తర్వాత పద్నాలుగేళ్లు అదే ఉద్యోగం చేశాను. ఏ ఊరు అర్జీ పెట్టినా ఆ రోజే వెళ్లి నేల మట్టాలు నా సొంత నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. అది ఎం-బుక్కు కాదు కనుక ఒక్కసారి కూడా చెల్లలేదు. నా చేతి మీదుగా ఆ గ్రాంటు కింద పద్దెనిమిది పనులు పూర్తయ్యాయి. అన్నీ ఉత్తర్వు వచ్చేదాకా ఆగగలిగిన ఊర్లలోనే పూర్తయ్యాయి. ఆగగలిగాయంటే ఆ ఊర్లకు ఆ పని లేకపోయినా గడిచేది. గడవని ఊర్లు ముందే తవ్వేవి. ముందే తవ్విన ఊరికి మా నిబంధనల ప్రకారం గ్రాంటు లేదు.