యంత్రం విడిచిన నీళ్లు

2024 జనవరి 9, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. కాగజ్‌నగర్ అవతల, ఎప్పుడో బొగ్గు కోసం తవ్విన బోరులోంచి ఉబికే వేడినీళ్ల ఆవిరి మంచులో కలిసిపోయింది. పత్తిచేలు నిద్రలో తేలుతున్నట్టున్నాయి. ఊళ్లో పసికందులకు నూనె రాసి స్నానం చేయించే లచ్చవ్వ, పొరుగింటి హెప్సిబా కూతురిని ఒళ్లో పెట్టుకుని తొట్టి పక్కన కూర్చుంది. బోరునీళ్ల వేడితో కరెంటు తీసి, ఆ నీళ్లను తొట్టివైపు వదిలే చిన్న యంత్రం ఆ తెల్లవారుజామునే నడవడం మొదలైంది. వేడి పోతే తన పనీ పోతుందని ఆమె దిగులు.

బోరునీళ్లు కాలుతాయి కనుక ఎప్పటిలాగే చన్నీళ్లు కలిపి మోచెయ్యి ముంచింది. చల్లగా తగిలింది.

“వేడంతా మీ మిషన్ మింగింది గదా సారూ! పిల్లలకు ఇగ నేనేం పొయ్యాలె?”

యంత్రం చూసుకునే అరుణ్‌కుమార్ దగ్గరికి వచ్చాడు. “చన్నీళ్లు కలిపినవా అవ్వా?”

“కలపకుంటే పసితోలు ఊడిరాదా? గంత సదివి గిదేం అడుగుడు!”

“మిషన్ కొంత వేడే తీసుకుంటది. మిగిలిన వేడి పసిపిల్లలకు సరిపోతది, ఇగ చన్నీళ్లు కలపకు.”

తొట్టి ఖాళీ చేసి, యంత్రం దాటి వచ్చే నీళ్లతోనే మళ్లీ నింపారు. లచ్చవ్వ మోచెయ్యి ముంచి, కళ్లు మూసుకుని, చాలాసేపు తీయలేదు. పాప కాళ్లు నీళ్లలోకి జారాయి. ఏడుపు రాలేదు. అరుణ్‌కుమార్ థర్మామీటరు ముంచి చూశాడు.

39 డిగ్రీల సెల్సియస్.