దొంతర్ల యుద్ధంలో అత్తయ్య చెయ్యి

ఆ రోజుల్లో కరెంటు పోతే కొత్తవలసంతా విసుక్కునేది. బావా నేనూ మాత్రం దండం పెట్టేవాళ్లం. కారణం భక్తి కాదు, ఫ్యాను. మావయ్య కొడుకైన మా బావ ఇంజనీరింగు చదువుతూ నెట్‌లోంచి ఓ యుద్ధం ఆట దింపుకొచ్చాడు. తేనెపట్టులా ఆరు మూలల గళ్లున్న పటం, దానిమీద కదిపే దండులన్నీ చిన్న చిన్న అట్టబిళ్లలు. వాటి బొమ్మలు ప్రింటు తీసి, ఇంట్లో మిగిలిన పెళ్లికార్డులకు అంటించి కత్తిరించాం. (మా ట్యాంకులకు మూలల్లో పసుపుండేది. ఒకదాని వెనక ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని కూడా ఉండేది.) ఫ్యాను వేస్తే సైన్యం మంచం కిందికి ఎగిరేది, వెయ్యకపోతే సేనాధిపతులు చెమటలో నానేవారు. కరెంటే పోతే ఆ తగువే ఉండేది కాదు.

ఆ ఆదివారం విజయనగరంలో మా హీరో కొత్త సినిమాకి బావ రెండు టిక్కెట్లు తెప్పించాడు. నేనేమో మావయ్య కిరాణా కొట్లో పని నేర్చుకుంటున్నాను. “ఇద్దరూ ఎలిపోతే కొట్టెవుడు సూస్తాడు? ఒకడే ఎల్లండి” అన్నాడు మావయ్య. ఆ ఒకడెవడో యుద్ధమే తేల్చాలనుకుని పొద్దున్నే మేడ మీద గదిలో కూర్చున్నాం.

గడికి నాలుగు బిళ్లలు మించకూడదని రూలు. నేను వంతెన ఉన్న గడిలో ఏడు పేర్చాను.

“ఒరే, నాలుగే పెట్టాల! ఏటా మేడ?”

“సర్వీసాటోకి రూలు ముగ్గురే బావా. మరి నిన్న నువ్వెక్కడ కూకున్నావు?”

నిన్న డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వచ్చిన బావ తన గడిలో ఎనిమిది పేర్చాడు. ఇక దొంతర్లు పెరిగిపోయాయి. అడుగునేముందో చూడాలంటే అత్తయ్య కనుబొమల ప్లక్కరుతో, ఊపిరి బిగబట్టి, పైబిళ్లలు ఎత్తాలి. ఒకటి జారిందా, పక్క గడిలో ఉన్నవాళ్లు కూడా వీరమరణం పొందుతారు. “సరిత్ర మనల్ని సూస్తన్నాదిరా” అన్నాడు బావ గంభీరంగా. చూశాను. బల్లి.

మధ్యాహ్నానికి బావ దగ్గర ఒక్క దొంతరే మిగిలింది. ఒక్క పాచిక వేస్తే సినిమా నాదే. సరిగ్గా అప్పుడే బియ్యం బస్తాలు దింపడానికి మావయ్య కేకేశాడు. దిగాం. మేం బస్తాలు మోస్తుంటే అత్తయ్య పైకెళ్లింది. కొట్లో సబ్బు పక్కన సబ్బు, అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె, బొమ్మలన్నీ గిరాకీ వైపు తిప్పి సర్దేది ఆవిడే. చిందరవందరని చూస్తే ఆ చెయ్యి ఊరుకోదు. మేం తిరిగొచ్చేసరికి పటం మడత పెట్టి ఉంది. కిటికీ గట్టు మీద ఎర్రబిళ్లలు ఒక వరస, నీలంబిళ్లలు ఒక వరస, తీర్చిదిద్దినట్టు.

“ఏటిరా ఆ సెత్త! రంగుకి రంగు ఏరి సర్దీసినాను.”

“అమ్మా, నువ్వు దేవతవే!” అన్నాడు చావు తప్పిన బావ.

“అత్తా, గెలిసింది నేను!”

“ఏదీ, సూపించు?”

కథంతా విని అత్తయ్య తీర్పు చెప్పింది. “అయితే తేలలేదన్నమాట. ఇద్దరూ కొట్లో కూకోండి. ఆ టిక్కెట్లిటు తెండి.” అప్పటికే మావయ్య ఇస్త్రీ చొక్కాతో మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆయనకంత వేగముందని కొట్లో ఎప్పుడూ తెలియనివ్వలేదు.

చీకటి పడ్డాక తిరిగొచ్చి, అత్తయ్య బస్తాల మధ్య నిలబడి సినిమా మొత్తం ఆడి చూపించింది. రౌడీలందరి పాత్ర మావయ్యది. ఒక్క గుద్దుకి శనగల బస్తా మీద వాలిపోయాడు. బావ పగలబడి నవ్వాడు. నేను మాత్రం ఓ మూల మొహం గంటు పెట్టుకుని, నవ్వొస్తే దగ్గుతూ, బింకంగా కూర్చున్నాను. తర్వాత ఆ సినిమా టీవీలో వస్తే చూశాను. అరగంటకే నిద్రొచ్చింది. ఆ దగ్గుతున్న కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే భుజం తట్టి, “ఒరే, ఇంతకన్నా మంచి ఆట మళ్లీ పడదు, నవ్వీరా” అని చెబుదును.