మేస్త్రీ గారి నైలాన్ తాడు

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేస్త్రీ గారు పోయారు. బందరు ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు. ఆయన కూతురు ఫోన్ చేసి, "టీచర్ గారూ, నాన్న వెళ్ళిపోయారండీ. మీరు కారేసుకుని వస్తారా?" అని అడిగింది. అంత ఏడుపులోనూ కారు సంగతి మర్చిపోలేదు. ఆ ఇంట్లో మనుషుల్ని వాళ్ళ బండ్లతోనే గుర్తుపెట్టుకుంటారు. నేను ఎప్పటికీ 'తెల్ల కారు టీచరమ్మ'నే.

మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ అనుకునేరు. ఆయన కార్ల మెకానిక్. గుడివాడ నుంచి మొవ్వ వెళ్ళే దారిలో ఆయనకో తాటాకుల షెడ్డు ఉండేది. మొదటిసారి ఆయన్ని చూసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

తొంభైల్లో మాట. మా నాన్న వాడిన పాత కారు ఆయన తర్వాత నాకు వచ్చింది. మొవ్వ దగ్గర బడికి రెండు బస్సులు మారి వెళ్ళే బాధ తప్పిందని సంబరపడ్డాను. తీరా చూస్తే కారు నాకంటే ఎక్కువ సెలవులు పెట్టేది. ఒకరోజు సగం దారిలో ఆగిపోతే, అటుగా వస్తున్న ట్రాక్టరతను జాలిపడి మోకుతాడు తెచ్చి, కారు ముందున్న బంపర్‌కి కట్టి లాగాడు. టప్పున ఓ చప్పుడైంది. ట్రాక్టరు వెళ్ళిపోయింది, బంపరూ వెళ్ళిపోయింది. నేనూ నా కారూ ఉన్నచోటే ఉన్నాం. ఆ ట్రాక్టరు మోతలో నా కేక అతనికేం వినిపిస్తుంది!

కాసేపటికి సైకిలు మీద ఒకాయన వచ్చారు. నూనె మరకల చొక్కా, చెవి వెనక పెన్సిలు. "మీ బంపర్ మా షెడ్డుకొచ్చేసిందండీ. మిగతా కారు ఎక్కడుందో చూద్దామని వచ్చాను" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక ఇద్దరం నవ్వేశాం.

ఆయన మరమ్మతు చేసే పద్ధతే వేరు. వెంటనే బానెట్ ఎత్తేవారు కాదు. "ఏమైందో నేను చూసుకుంటానండీ. ఆగే ముందు ఏం వినపడిందో మీరు చెప్పండి" అనేవారు. చెప్పేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవారు. బాగుచేశాక, తను చేసిందంతా విప్పేసి మళ్ళీ మనచేత చేయించేవారు. అది చేతనైతేనే తాళం చేతికొచ్చేది. పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్తున్న రోజు కూడా నాచేత చక్రం మార్పించారు. "టీచరు గారు కదండీ, లెక్క పిల్లలే చేయాలని మీకు నేను చెప్పాలా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ రోజు ఒళ్ళు మండిపోయింది కానీ చక్రం మాత్రం నేనే బిగించాను.

ఈలోగా ఇంట్లో మా మావయ్య గారు తీర్పు చెప్పేశారు. "మూడుసార్లు ట్రాక్టరు వెనకాల ఊరేగింది. ఇంకొక్కసారి తాడు కట్టుకుని ఇంటికొచ్చిందా, అమ్మేయడమే. నువ్వు బస్సులో వెళ్దువుగాని" అన్నారు. అది నాన్న కారు. ఆ స్టీరింగు పట్టుకుంటే నాన్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది.

ఈ మాట చెబితే మేస్త్రీ గారు ఓ గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఫ్యాను బెల్టు, తీగచుట్ట, పాత లుంగీ ముక్కలు, పెట్రోలు టాంకు కారితే అద్దడానికి బట్టల సబ్బు ఉన్నాయి. అడుగున రెండు వైపులా కొక్కేలున్న నీలం నైలాన్ తాడు.

"తాడెందుకండీ? మా మావయ్య గారు చూశారంటే ఇంకేమన్నా ఉందా!" అన్నాను.

"మీక్కాదమ్మా. దారిలో ఎవరో ఒకళ్ళు ఆగిపోయి ఉంటారుగా, వాళ్ళకి. బంపర్‌కి మాత్రం కట్టమాకండి. తాడు బిగిశాకే కదలండి. గుంజారంటే తాడూ తెగుద్ది, మర్యాదా పోద్ది."

మా వైపు వేసవి ముందు మినుము పీకి తారురోడ్డు మీద పరుస్తారని మీకు తెలిసే ఉంటుంది. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. అలాంటి రోజుల్లోనే మావయ్య గారిని కోడూరులో ఒక శుభకార్యానికి తీసుకువెళ్ళాను. తిరిగి వస్తుంటే కారు కింద గరగర, ఆ వెనకే పొగ. ఆపాను. మావయ్య గారు అద్దం దించి తల బయటపెట్టారు. రోడ్డు మీద వచ్చే ట్రాక్టరు కోసం చూస్తున్నారు.

కారు అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు మేస్త్రీ గారి మాట గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను. ఏం వినపడింది? గరగర. ఇనుము చప్పుడు కాదది, ఎండుకొమ్మల చప్పుడు. దిగి కిందకి వంగి చూస్తే, తిరిగే షాఫ్టుకి మినపతీగ జడలా చుట్టుకుని సైలెన్సరు వేడికి కమురుతోంది. పక్కనే మినుము తిరగేస్తున్నావిడ్ని కొడవలి అడిగి, ఇంజను చల్లారాక కిందకి దూరి తీగంతా కోసేశాను. "మా మినుములు పట్టుకెళ్ళిపోతున్నావేంటమ్మా!" అని ఆవిడ ఒకటే నవ్వు. తాళం తిప్పితే కారు బుద్ధిగా కదిలింది.

మావయ్య గారు ఇంటి ముందు దిగారు. అరుగెక్కుతూ మా ఆయనతో, "కారులోకి ఓ కొడవలి కొనిపెట్టరా" అన్నారు. అంతే, మళ్ళీ అమ్మకం మాట రాలేదు.

మర్నాడు ఇదంతా చెబితే మేస్త్రీ గారు పడీపడీ నవ్వి, "మీకింక నాతో పని లేదండీ" అన్నారు. పని లేకపోయినా వారానికోసారి షెడ్డు దగ్గర ఆగేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ నీలం తాడుతో చాలామందిని లాగాను. ఒకసారి పెళ్ళికొడుకునీ లాగాను.

ఆదివారం బందరు నుంచి ఆయన్ని వ్యానులో ఇంటికి తెస్తున్నారు. కూతుర్ని ఎక్కించుకుని వెనకాల నేను వెళ్తున్నాను. సగం దారిలో వ్యాను ఆగిపోయింది. బెల్టు తెగింది. నా సంచిలోది దానికి పట్టలేదు. డ్రైవరు తల పట్టుకున్నాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. కారు ముందుకి తెచ్చి, డిక్కీ తెరిచి, తాడు తీశాను.

"బంపర్‌కి కట్టకండి టీచర్ గారూ" అంది, ఏడుస్తూనే నవ్వుతూ.

రెండు కొక్కేలూ కిందకి వంగి నేనే తగిలించాను. మొదటి గేరులో తాడు బిగిసేదాకా ఆగి, అప్పుడు కదిలాను. ఎప్పుడు తల ఎత్తినా అద్దంలో నీలం తాడు, దాని చివర ఒక్క కుదుపూ లేకుండా నా వెనకే ఇంటికి వస్తున్న మేస్త్రీ గారు.