బయటికి పోయేతందుకు ఒక ఇల్లు

నాకు బయట ఉండడం ఇష్టం. ఇంత చిన్న మాట. దీన్ని అర్థమయ్యేటట్టు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. కొందరికి ఇంకా చెప్తూనే ఉన్నాను.

నిజామాబాద్‌లో మేము కిరాయికి ఉన్న ఇల్లు ఊరి చివర ఉండేది. మేము దిగినప్పుడు గేటు తీస్తే మట్టిబాట, బాట కొసన చెరువు కట్ట. పొద్దున్నే లేచి, వంటింట్లో అడుగు పెట్టకముందే చెప్పులేసుకుని కట్ట మీద పడేదాన్ని. రోజు మొత్తంలో నన్ను ఎవరూ పిలవని గంట అదొక్కటే. తర్వాత ఆ బాట మీద ప్లాట్లు పడ్డాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి, ఇళ్ల ముందు కార్లు నిలబడ్డాయి. కట్ట ఎక్కాలంటే కాలనీల మీద కాలనీలు దాటి, ప్రతి గేటు దగ్గరా ఒక కుక్కకు సంజాయిషీ ఇచ్చుకుంటూ పోవాల్సి వచ్చేది. చివరికి మా ఓనరు కూడా ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటు కడతానని, చలికాలం వచ్చేలోపు ఖాళీ చేయమన్నాడు.

మా ఆయన ఉద్యోగం బోధన్‌లో. రోజూ బస్సులో పోయొచ్చే మనిషి. ఆయన లెక్కలో బయట అంటే బాల్కనీ, బాల్కనీ అంటే కుర్చీ.

"ఇల్లంటే ఏందే? పక్కన దవాఖాన, ఎదురుంగ కిరాణం, ఆదివారం చర్చికి నడిచిపోయేటంత దూరం. గంతే."

"నడిచి అంటున్నరు. మీరు ఎన్నడన్న నడిచిండ్రా?"

"చర్చి దగ్గరుంటే నడుస్త."

"దూరముందని ఇప్పుడు బండి మీద పోతున్నరు. దగ్గరైతే ఇంట్లనే మోకరిస్తరు."

నాకు కావలసింది ఒక్కటే అన్నాను. తలుపు తీసి, బండి ఎక్కకుండా, ఎవరినీ అడగకుండా నడవగలిగే నేల. అది లేని చోటికి నేను రాను, సామాను తీసుకుని మీరు పోండి అన్నాను.

మాకు ఇళ్లు చూపించినాయన తరాలుగా నిజామాబాద్‌లో ఉన్న ముస్లిం కుటుంబం మనిషి. నాకు తమ్ముడి వయసు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అక్క అన్నట్టు ఆపా అంటాడు. నేను చెప్పింది శ్రద్ధగా విని, "పరేషాన్ గాకుండ్రి ఆపా, మీ అసొంటోళ్ల కోసమే మాక్లూర్ దిక్కు ఒక వెంచర్ పడ్డది. ఫుల్ నేచర్," అన్నాడు.

పోయి చూశాం. పచ్చటి పొలాన్ని చదును చేసి ఎర్రమట్టి కొట్టి, తెల్లరాళ్లు పాతారు. కంచె గంపల్లో నిలబెట్టిన మొక్కలు జబ్బు పడి లేచినవాళ్లలా ఉన్నాయి. అంచు వెంట ఒక సిమెంటు బాట.

"ఇది వాకింగ్ ట్రాక్, ఆపా."

"ఎక్కడి దాక పోతది?"

"గుండ్రంగ పోతది."

"పోయి?"

"మళ్ల గీడికే వస్తది."

"గానుగెద్దు కూడా గట్లనే తిరుగుతది కదా భాయ్."

"ఎద్దుకు లైట్లు, బెంచీలు పెట్టరు కదా ఆపా."

ఆ జవాబు నాకు నచ్చింది. ప్లాటు నచ్చలేదు. మా ఆయనకు మాత్రం లైట్లు, బెంచీలు, రోడ్డు మీద దవాఖాన బోర్డు అన్నీ నచ్చాయి. ఇంటికొచ్చాక రోజుల తరబడి లొల్లి. చివరికి ఆయనే ఒక బేరం పెట్టాడు. ఒక్క ఏడాది నువ్వు చెప్పిన చోట కిరాయికి ఉందాం, నీకు కుదరకపోతే మాక్లూర్‌లో కొందాం, ఇంక నోరు మెదపొద్దు అన్నాడు. నోరు మెదపొద్దన్న షరతు కొట్టేసి మిగతాది ఒప్పుకున్నాను.

నా మనసు మొదట కందకుర్తి మీదికి పోయింది. గోదారి, మంజీర కలిసే చోట, పొద్దున్నే ఇసుకలో కాళ్లు. ఎండాకాలంలో పోయి చూస్తే నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఒక్కదాన్నే గట్టు మీద నిలబడితే, పిండాలు పెట్టించే ఆయన దగ్గరికొచ్చి ఎవరు పోయారమ్మా అని మెల్లగా అడిగాడు. ఎవరూ పోలేదు, నది చూడ్డానికి వచ్చాను అంటే ఆయన నమ్మలేదు. ఇక్కడ రోజూ ఈ జవాబు చెప్పుకోవడం నా వల్ల కాదనిపించి వెనక్కి వచ్చేశాను.

చివరికి బోధన్‌కు ఇవతల, చెరుకు తోటల మధ్య ఒక ఊళ్లో ఇల్లు దొరికింది. గేటు ముందు నుంచే కాలువ కట్ట. ముందు భాగంలో ఇంటావిడ ఒక్కతే ఉంటుంది, అందరూ అవ్వ అంటారు. వెనక భాగం కిరాయికి. గడప మీద కూర్చుని వక్క నములుతూ మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసింది.

"గంత పెద్ద పట్నం ఇడిశిపెట్టి గీడికెందుకు బిడ్డా?"

"నాకు బయట ఇష్టం అవ్వా. పొద్దుగాల లేస్తనే బయటికి పోవాలె. పోకపోతే దినమంత తిక్కతిక్కగ ఉంటది."

"అందరికి గంతే కద," అంది అవ్వ.

ఇన్నాళ్లకు నా మాట అర్థమైన మనిషి దొరికిందని పొంగిపోయాను. "ఒక గంటన్న పడ్తది నాకు."

అవ్వ నమలడం ఆపింది. "గంటనా? ఎప్పటి సంది?"

"చిన్నప్పటి సంది. కాలేజీల ఉన్నప్పుడైతే దోస్తులమంత కలిసి గుట్టలెక్కి పోతుంటిమి. ఇప్పుడు ఒక్కదాన్నే. చెట్లుండాలె, సప్పుడుండొద్దు. దగ్గర్ల నీళ్లుంటే ఇంక మంచిది."

అవ్వ మా ఆయన వైపు జాలిగా చూసింది. "పెద్ద డాక్టరుకు సూపెట్టినవా బిడ్డా ఈమెను?"

మా ఆయన నవ్వును దగ్గులోకి దింపి గేటు అవతలికి పోయాడు. నాకు ఇంకా తెలియలేదు. అవ్వ లేచి నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయి ఒక తలుపు తీసింది. తెల్లటి టైల్సు, నల్లా, బకెట్టు, పైన చిన్న కిటికీ.

"బయటికి పోవుడెందుకు? పోరుపెట్టి కట్టిచ్చిన దీన్ని. గంట గాదు, రెండు గంటలు కూసో. ఎవ్వలు తలుపు కొట్టరు."

నేను బోటనీ చదివినదాన్ని, పిల్లలకు చెప్పినదాన్ని. నా మాతృభాషలో నేను చెప్పిన ఒక్క వాక్యానికి ఇదీ అర్థం. తప్పు అవ్వది కాదు, మాటది. మగవాడు బయటికి పోయాడంటే టీకి పోయి ఉంటాడు, పనికి పోయి ఉంటాడు, ఊరికే చౌరస్తాలో నిలబడి ఉంటాడు, ఎందుకని ఎవరూ అడగరు. ఆడది బయటికి పోయిందంటే చెంబు పట్టుకుపోయినట్టు. బయట ఉందంటే ఆ మూడు రోజులు. ఇంత ఆకాశం, ఇంత నేల ఉన్న బయటను తెచ్చి మా కడుపుకు, మా మైలకు కట్టేశారు. దాన్ని విడిపించుకుని వాడాలంటే పక్కన వాకింగ్ అని ఇంగ్లీషు ముక్క తగిలించుకోవాలి.

"నడుచుడు అవ్వా. వాకింగు."

"ఎక్కడికి?"

"ఎక్కడికి లేదు. పోయి, మళ్ల వస్త."

"పోయి ఏం జేస్తవ్?"

"ఏం చెయ్య."

ఏదీ చేయకపోవడమే జబ్బయితే దానికి మందు లేదనుకుందేమో, అవ్వ తాళంచెవి చేతిలో పెట్టింది.

మొదటి వారం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కట్టకు రెండు వైపులా చెరుకు, మంచుకు తడిసిన ఆకులు భుజాలకు రాసుకునేవి. కాలువలో నీళ్లు సప్పుడు లేకుండా పోతుండేవి. కొంగలు నన్ను చూసి లేచి, కొంచెం అవతల మళ్లీ వాలేవి. ఇదే నా ఇల్లు అనుకున్నాను.

తర్వాత దగ్గులు మొదలయ్యాయి.

పొలాలకు నీళ్లు కట్టడానికి ఎదురొచ్చే మగవాళ్లు నన్ను దూరం నుంచి చూడగానే గట్టిగా దగ్గి, మొహం తిప్పుకుని వెనక్కి మళ్లేవాళ్లు. ఒకరు కాదు, అందరూ. ఈ ఊళ్లో అందరికీ ఛాతీ జబ్బేమో, చెరుకు ఆకు కాల్చే పొగ పడదేమో అనుకున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన నాకు వీపు పెట్టి నిలబడి కేకేశాడు.

"అమ్మా, నేను ఎన్కకు పోతున్న! నువ్వు కానియ్యి!"

ఏం కానివ్వాలయ్యా? కట్ట మధ్యలో నిలబడి అరిచాను, నేను నడుస్తున్నాను అని. ఆయన ఇంకా వేగంగా పోయాడు. వాళ్లది మర్యాదే, నాకు తెలుసు. చీకట్లో కూర్చున్న ఆడవాళ్లు లేచి సర్దుకోవడానికి మగవాళ్లు అట్లా దగ్గడం ఇక్కడి రివాజు. కానీ లేని పనికి ఇంత మర్యాద భరించడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ వారంలోనే పంచాయతీ నుంచి ఒకతను ఫోను పట్టుకుని ఇంటికొచ్చాడు.

"మేడం, మీ ఇంట్ల లెట్రిన్ నడుస్తున్నదా? ఒక్క ఫొటో తీసుకుంట."

"ఎందుకు?"

"మా ఊర్ల ఎవ్వరు బయటికి పోరని బోర్డు ఉంది మేడం. మీరొచ్చినంక..." అని ఆగాడు.

"నేనొచ్చినంక? నా చేతిల చెంబు ఉన్నదా? ఎవరన్న చూసిండ్రా?"

"చెంబు ఎవరు పట్టుకపోతున్నరు మేడం ఈ కాలంల? అందరు బాటిలే."

నడకకు పోతూ దాహానికి నేను పట్టుకుపోయే నీళ్ల సీసా గూటిలో నుంచి నన్నే చూస్తోంది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వణుకుతోంది.

అతను ఫొటో తీసుకుని పోయాడు కానీ అవ్వ ఊరుకోలేదు. సాయంత్రం మా గడపలో నిలబడింది.

"ఊరంత ఏమంటున్నదో ఎరుకేనా? నేను లెట్రిన్‌కు తాళమేసుకుని కిరాయిదాన్ని కాలువకు తరుముతున్ననట. గది కట్టిచ్చేతందుకు మా ముసలాయనతోని ఎంత కొట్లాడిననో నీకేమెరుక? నా ఇజ్జత్ తీస్తున్నవ్. నడుచుడు ఇడిశిపెట్టు, లేకపోతే ఇల్లు ఇడిశిపెట్టు."

"వెంచర్ల ఇంక ప్లాట్లున్నయట," అన్నాడు మా ఆయన గోడకు చెప్తున్నట్టు.

"మీరు మధ్యల రాకుండ్రి," అని అవ్వ వైపు తిరిగాను. "బాటిల్ ఇడిశిపెడ్త. నడుచుడు ఇడువ."

"ఉత్త చేతుల పోయినా గదే అంటరు. కాలువ నిండ నీళ్లున్నయ్ కద."

"అయితే నువ్వు నా ఎంట రా. నీ కండ్లతోని సూడు. సూసి ఊరికి చెప్పు."

కోపంలో అన్నాను. తెల్లారి గేటు తీసేసరికి అవ్వ కొంగు బొడ్లో దోపుకుని తయారుగా నిలబడి ఉంది.

ఆ నడక సంగతి ఏం చెప్పను. నాకంటే ముందు, నాకంటే వేగంగా నడిచింది. పైగా రెండు చేతులూ ముందుకు చాచి, ఎదురొచ్చిన ప్రతివాడికీ చూపిస్తూ. "ఉత్తగనే! ఉత్తగనే నడుస్తున్నం!" ఒకతను అలవాటు కొద్దీ దగ్గబోయాడు. "దగ్గకురా, ఇటు సూడు, ఉత్త చేతులు!" అని ఉరిమింది. చెరుకు కొట్టడానికి మరాఠీ దిక్కు నుంచి వచ్చిన కూలోళ్లు పని ఆపి, ఈ ముసలామె ఏం అమ్ముతోందో అని చూశారు. కొంగలు మాత్రం మళ్లీ వాలలేదు.

తూము దగ్గర అవ్వ ఆగింది. గట్టు మీద కూలబడి, వేపపుల్ల విరుచుకుని, నీళ్ల వైపు చూపించింది.

"గీడికే వస్తుంటిమి మేమందరం. తెల్లారకముందే. పాములు, బురద, ట్రాక్టరు లైటు పడితే లేసి నిలబడుడు. వానకాలమైతే ఉగ్గబట్టుకునుడు. గా గోస పగోళ్లకు గూడ వద్దు." పుల్ల నమిలింది. "గని మాట్లాడుకునుడు గప్పుడే ఉంటుండె. అత్తలుండరు, మొగోళ్లుండరు. లెట్రిన్లొచ్చినంక ఎవరింట్ల వాళ్లం తలుపేసుకున్నం. మా వాడకట్టుల ఉన్న మా దోస్తు మొఖం సూడక ఎన్నొద్దులాయెనో."

పాత రోజులే బాగుండేవని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అవ్వ ఆ మాట అనలేదు. అననందుకే నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

మర్నాడు అవ్వ తన దోస్తును తీసుకొచ్చింది. ఆ దోస్తు తన తోటికోడలిని తెచ్చింది. చెరుకు కోతలు అయ్యేసరికి కట్ట మీద మా గుంపు ఎదురొస్తే ట్రాక్టరు ఆగాల్సిందే. దగ్గులు బందయ్యాయి. పంచాయతీ అతను మొన్న ఈ నడకను కూడా ఫొటో తీసుకుపోయాడు, ఏ బోర్డుకో మరి. నేను కోరుకున్నది మాత్రం ఏ మనిషి గొంతూ వినపడని ఒక్క గంట. ఇప్పుడు ఆ గంటలో కోడళ్ల వంటలు, మోకాళ్ల నొప్పులు, పక్క ఊరి పంచాయితీలు అన్నీ వింటున్నాను. వెనకబడి నడుద్దామని చూస్తే, "పాపం, అలిసిపోయింది," అని అందరూ ఆగి నా కోసం ఎదురుచూస్తారు. ఇంతమంది నుంచి తప్పించుకోవడానికి ఇంకొంచెం ముందే లేద్దామనుకున్నాను. అవ్వ అప్పటికే గేటు దగ్గర ఉంటుంది.

ఏడాది నిండుతుండగా, సరిగ్గా తూము దగ్గరున్నప్పుడు భాయ్ ఫోను చేశాడు. మా ఆయన చేయించాడని వేరే చెప్పాలా.

"ఆపా, కార్నర్ ప్లాటు మీకోసమే ఆపిపెట్టిన. ట్రాక్ పక్కనే."

"ఇంక గుండ్రంగనే పోతున్నదా భాయ్ అది?"

"గుండ్రంగనే ఆపా."

"అయితే వేరేటోళ్లకు ఇయ్యుండ్రి. మేము గీడనే ఉంటం. మా సారుకు గూడ మీరే చెప్పుండ్రి, నేను చెప్తే లొల్లి అయితది."

"సరే ఆపా. గని గా గడబిడ ఏంది? పొద్దుపొద్దుగాల మార్కెట్ల ఉన్నరా?"

"లేదు భాయ్, బయట ఉన్న."

పక్క నుంచి అవ్వ నా చెయ్యి పట్టి గుంజింది. "బయట అనకే! నడుస్తున్నమని చెప్పు. ఉత్త చేతులని చెప్పు!"